నెత్తుటి నింద

“నువ్వు డాక్టర్‌వి కదక్కా, ఇందులో ఏముందో చదివి చెప్పు” అంటూ మా పిన్ని కూతురు నా చేతిలో ఒక కాగితం పెట్టింది. నా డాక్టరేట్ సాహిత్యంలోనని తనకి తెలియక కాదు. ఆ ఇంగ్లీషు కాగితాన్ని పక్కన కూర్చుని విడమర్చి చెప్పే మనిషి తనకి ఇంకెవరూ దొరకలేదు. అప్పటికి తనకి నాలుగో నెల నడుస్తోంది. ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ తక్కువుందని చూసి మరో రక్తపరీక్ష రాశారు. ఆ రెండో పరీక్షలో హిమోగ్లోబిన్ ఏ2 అనేది 5.4 శాతం వచ్చింది. 3.5 లోపు ఉండాలని పక్కనే అచ్చువేసి ఉంది. కింద ‘బీటా తలసేమియా ట్రెయిట్, భర్తకు పరీక్ష అవసరం’ అని ఒక ముక్క. డాక్టరమ్మ “కంగారేం లేదు, మీవారికి కూడా ఓసారి చేయించండి” అని తర్వాతి పేషెంటుని పిలిచిందట. బయట వరండాలో ఇంకా నలభైమంది ఉన్నారట. ఆవిడ ఒక్కదాని తప్పని కూడా అనలేను.

ఆ ‘ఓసారి చేయించండి’ ఇంటికొచ్చేసరికి పెద్ద గొడవైంది. కడుపుతో ఉన్నది కోడలైతే కొడుక్కి సూదిపోటెందుకని అత్తగారు. మా ఇంటా వంటా లేని జబ్బు, మీవాళ్లు దాచిపెట్టి అంటగట్టారని ఆడపడుచు. పిన్నీ బాబాయీ ఆ మాట పడి తలవంచుకుని వచ్చారు. భర్త వెళ్లి రక్తం ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. ఇలాంటి విషయంలో మూడు వారాలంటే చిన్న సంగతి కాదు. కడుపులో బిడ్డకి జబ్బు ఉందో లేదో చూసే పరీక్ష, ఆ తర్వాత ఏం చెయ్యాలన్న నిర్ణయం, అన్నీ వారాల లెక్కలోనే ఉంటాయి.

ఆ మూడు వారాలూ నేను దొరికిందల్లా చదివాను. తెలుసుకున్న అసలు సంగతి నాలుగు మాటల్లో చెప్పొచ్చు. హిమోగ్లోబిన్ తయారుచేసే జన్యువు మనకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండింట్లో ఒకదానిలో లోపం ఉంటే దాన్ని ట్రెయిట్ అంటారు. అది జబ్బు కాదు. కొంచెం రక్తం తక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే. రెండింట్లోనూ లోపం ఉంటేనే తలసేమియా మేజర్ వస్తుంది. ఆ బిడ్డకి పసితనం నుంచీ రెండు వారాలకో నాలుగు వారాలకో ఒకసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుము గుండెనీ కాలేయాన్నీ తినెయ్యకుండా జీవితమంతా మందులు వాడాలి. భార్యాభర్తలిద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఇది బొమ్మా బొరుసూ లాంటిది. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడానికి లేదు. ప్రతిసారీ నాణెం మళ్లీ కొత్తగా ఎగురుతుంది. కానీ ఇద్దరిలో ఒక్కరికే ట్రెయిట్ ఉంటే ఏ బిడ్డకీ ఈ జబ్బు రాదు.

అంటే ఈ జబ్బుని ఏ తల్లీ ఒంటరిగా బిడ్డకి ఇవ్వలేదు. తండ్రి కూడా ఇస్తేనే వస్తుంది. ఇంత చిన్న వాక్యం మా పిన్ని కూతురికి ఎవరూ ఎందుకు చెప్పలేదు? తొమ్మిదో తరగతి నుంచీ తను ఐరన్ మాత్రలు మింగుతూనే ఉంది. ఎన్ని మింగినా ‘నెత్తురు పట్టడం లేదు’ అనే అన్నారు కానీ, ఎందుకు పట్టడం లేదని ఒక్కరూ అడగలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంతమందికి ఉన్నప్పుడు ‘ఆడవాళ్లకి నెత్తురు తక్కువుండటం మామూలే’ అనే మాట పుడుతుంది. ఆ మామూలు మాట కింద అసలు కారణాలు కప్పడిపోతాయి.

రక్తపు జబ్బుల చరిత్రని ఈ ప్రశ్నతోనే చదవాలనిపించింది. ఎవరు కనిపెట్టారన్నది పుస్తకాల్లో ఉంది. కనిపెట్టినది ఆ జబ్బు ఉన్నవాళ్లకి ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎలా చెప్పారు?

1904లో వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే యువకుడు పళ్ల వైద్యం చదువుకోవడానికి కరీబియన్ దీవి గ్రెనడా నుంచి షికాగో వచ్చాడు. అక్కడ జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. అతని రక్తంలో కొడవలిలా వంగిన కణాలు కనిపించాయి. 1910లో జేమ్స్ హెరిక్ అనే డాక్టర్ ఆ కేసుని అచ్చువేశాడు. సికిల్ సెల్ జబ్బు వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది అలాగే. ఆ వ్యాసంలో రోగి జాతి ఉంది, వయసు ఉంది, పేరు లేదు. పేరేమిటో, అతను తిరిగి గ్రెనడా వెళ్లి పళ్ల డాక్టరుగా పనిచేసి 1916లో 32 ఏళ్లకే పోయాడని చరిత్రకారులు వెతికి చెప్పింది 1989లో. 1925లో థామస్ కూలీ, పెర్ల్ లీ కలిసి అమెరికాలోని డిట్రాయిట్‌లో మరో రక్తపు జబ్బుని వివరించారు. ఆ పిల్లల కుటుంబాలు మధ్యధరా సముద్ర తీరం నుంచి వచ్చినవి కావడంతో 1932లో దానికి గ్రీకు భాషలో సముద్రాన్ని సూచించే ‘తలస్సా’ నుంచి తలసేమియా అని పేరుపెట్టారు. కానీ 1938లోనే కలకత్తా నుంచి ఒక కేసు నమోదైంది. ఏ సముద్రం పేరు పెట్టుకున్నా జబ్బు మన ఇళ్లలోనూ ఉంది.

డాక్టర్లు పేరు పెట్టకముందు జబ్బు లేదా? ఘానా దేశపు డాక్టర్ ఫెలిక్స్ కొనోటీ-అహులు తమ భాషల్లో సికిల్ సెల్‌కి ముందునుంచీ పేర్లున్నాయని చూపించాడు. గా భాషలో దాన్ని ‘చ్వెచ్వెచ్వె’ అంటారు. ఎముకలని కొరికే నొప్పి ఆగకుండా వస్తుంటే ఆ మాటలోనే వినిపిస్తుంది. నైజీరియాలో ఇగ్బో జనం పుట్టి చనిపోయి మళ్లీ అదే తల్లి కడుపున పుట్టే బిడ్డని ‘ఓగ్బాంజే’ అన్నారు. చినువా అచెబె 1958 నాటి ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలలో ఎక్వెఫీ అనే తల్లికి పదిమంది పిల్లలు పుడితే తొమ్మిదిమంది పసితనంలోనే పోతారు. మళ్లీ రాకూడదని చనిపోయిన బిడ్డ దేహాన్ని మంత్రగాడు కోసి ఈడ్చుకుపోతాడు. ఎంఏలో ఈ నవల చదివినప్పుడు దాన్ని మూఢనమ్మకం అనే శీర్షిక కింద నోట్సు రాసుకున్నాను. ఓగ్బాంజే కథల వెనక సికిల్ సెల్ ఉండొచ్చని పరిశోధకులు అంటున్నారని తర్వాత తెలిసింది. అప్పుడు ఎక్వెఫీ ముఖం నాకు వేరేగా కనిపించింది. తన పిల్లలు ఎందుకు పోతున్నారని అడిగితే ఆమెకి దొరికిన ఒకే ఒక్క జవాబు మంత్రగాడిది.

ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. మా నాయనమ్మ పేరు తవిటమ్మ. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టినదాన్ని గుప్పెడు తవుడుకి పక్కింటివాళ్లకి అమ్మి మళ్లీ కొనుక్కునేవాళ్లు. విలువలేని బిడ్డ అనుకుని మృత్యువు వదిలేస్తుందని. మా ఉత్తరాంధ్రలో తవిటమ్మలూ తవిటయ్యలూ, ఇతరచోట్ల పెంటమ్మలూ పెంటయ్యలూ పుల్లయ్యలూ అలా వచ్చినవాళ్లే. ఆ పిల్లలంతా రక్తపు జబ్బులతో పోయారని నేను అనడం లేదు. మలేరియా, విరోచనాలు, ఆకలి, ఎన్నో ఉన్నాయి. కానీ ప్రతి తవిటమ్మ వెనకా తన బిడ్డలు ఎందుకు పోతున్నారో ఎవరూ చెప్పని ఒక తల్లి ఉంది. చెప్పేవాళ్లు లేనిచోట ‘గొడ్డుమోతుది’, ‘పిల్లల్ని మింగేది’ అన్న మాటలు ఉంటాయి. ఆ మాటలు ఏనాడూ తండ్రి వైపు తిరగలేదు.

మరి చెప్పేస్తే సరిపోతుందా? అమెరికాలో 1970లలో జరిగింది చూస్తే అదీ కాదనిపిస్తుంది. నల్లజాతివాళ్ల జబ్బు కాబట్టే దీన్ని పట్టించుకోవడం లేదని బ్లాక్ పాంథర్ పార్టీ 1971లో తమ సొంత క్లినిక్కుల్లో సికిల్ సెల్ పరీక్షలు మొదలుపెట్టింది. అదే ఏడాది మసాచుసెట్స్ రాష్ట్రం పరీక్షని చట్టం చేసింది. చూస్తుండగానే పదికి పైగా రాష్ట్రాలు బడిలో చేరడానికో పెళ్లి లైసెన్సుకో పరీక్ష తప్పనిసరి చేశాయి. పరీక్ష చేశారు, ఫలితం చేతిలో పెట్టారు. దాని అర్థం చెప్పేవాళ్లని మాత్రం పెట్టలేదు. ట్రెయిట్ ఉన్నవాళ్లకీ జబ్బు ఉన్నవాళ్లకీ తేడా చట్టాలు రాసినవాళ్లలోనే చాలామందికి తెలియదు. నిక్షేపంగా ఉన్న మనుషులు రోగులనే ముద్రతో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, బీమాకి ఎక్కువ కట్టారు. అమెరికా వైమానిక దళ అకాడమీ ట్రెయిట్ ఉన్నవాళ్లని 1981 దాకా చేర్చుకోలేదు. 1972లో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టం, కేంద్రం నిధులు కావాలంటే పరీక్ష స్వచ్ఛందంగా ఉండాలని షరతు పెట్టాకే రాష్ట్రాలు వెనక్కి తగ్గడం మొదలైంది. వివరించకుండా ఇచ్చిన సమాచారం ముద్ర అయిపోతుంది. మా పిన్ని కూతురి చేతిలోని కాగితం కూడా అటువంటిదే కదా.

ఈ రెంటికీ మధ్య దారి వేసిన మనిషి ఒక నర్సు. పేరు ఎలిజబెత్ అనియోన్వు. 1947లో ఇంగ్లండ్‌లో పుట్టింది. తల్లి ఐరిష్ మూలాలున్న కాథలిక్ కుటుంబపు పిల్ల, కేంబ్రిడ్జిలో చదువుతోంది. తండ్రి నైజీరియా నుంచి వచ్చిన ఇగ్బో విద్యార్థి. పెళ్లి కాలేదు. ఎలిజబెత్ తొమ్మిదేళ్ల దాకా కాథలిక్ సన్యాసినులు నడిపే అనాథ శరణాలయంలో పెరిగింది. ఎగ్జిమాతో బాధపడే ఆ పిల్లకి కట్లు మారుస్తూ, నొప్పి తెలియకుండా నవ్వించిన ఒక నర్సు-సన్యాసిని వల్లే తను నర్సునయ్యానని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పింది. తండ్రి ఎవరో ఆమెకి తెలిసింది పాతికేళ్ల వయసులో, 1972లో. ఆ తర్వాత ఆయన ఇంటిపేరునే తన పేరు చేసుకుంది. నెత్తురు, వారసత్వం, పుట్టుక, వాటిని చుట్టుకుని ఉండే సిగ్గు అనే మాటలు ఆమెకి పుస్తకంలో చదివినవి కావు.

1970లలో ఆమె వాయవ్య లండన్‌లోని బ్రెంట్ ప్రాంతంలో హెల్త్ విజిటర్‌గా పనిచేసేది. పిల్లలు పుట్టిన ఇళ్లకి వెళ్లి తల్లీబిడ్డల బాగోగులు చూడటం ఆ ఉద్యోగం. కరీబియన్ దీవుల నుంచీ ఆఫ్రికా నుంచీ మన గుజరాత్ నుంచీ వెళ్లిన కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు అది. సికిల్ సెల్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకి తన దగ్గర జవాబు లేదని ఆమెకి అర్థమైంది. తన నర్సింగ్ చదువులో ఆ జబ్బు గురించి నేర్పింది లేదు. బ్రిటన్‌లో నేర్చుకునే చోటూ లేదు. అమెరికా వెళ్లి నేర్చుకుంది. 1979లో మిలిత్సా బ్రోజోవిచ్ అనే రక్తవ్యాధుల డాక్టరుతో కలిసి బ్రెంట్‌లో సలహా కేంద్రం మొదలుపెట్టింది. బ్రిటన్‌లో సికిల్ సెల్, తలసేమియాలకి అదే మొదటిది. ఆ పనికి నియమితురాలైన మొదటి నర్సూ ఆమే.

అక్కడ జరిగే పని చూడటానికి చాలా చిన్నది. మనిషిని కూర్చోబెట్టి, ఫలితం అంటే ఏమిటో వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పడం. జబ్బుకీ ట్రెయిట్‌కీ తేడా చెప్పడం. భార్యాభర్తలిద్దర్నీ కలిపి కూర్చోబెట్టడం. పిల్లల్ని కనాలా వద్దా అనేది చెప్పకుండా, ఆ నిర్ణయానికి కావలసినది మాత్రం దాచకుండా చెప్పడం. అమెరికాలో చట్టాలు వదిలేసింది సరిగ్గా ఈ గంటసేపు కూర్చోవడాన్నే. ఆమె 1988లో లండన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకుంది. పరిశోధనాంశం వేరే ఏదో కాదు, బ్రెంట్‌లో తను చేసిన ఆ పనే. కార్ల్ ఆట్కిన్‌తో కలిసి 2001లో ఈ జబ్బుల రాజకీయాల మీద పుస్తకం రాసింది. రాజకీయం అనే మాట ఊరికే వాడలేదు. బ్రిటన్‌లో 1969 నుంచీ పుట్టిన ప్రతి బిడ్డకీ ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన జబ్బు పరీక్ష చేస్తున్నారు. అది సుమారు పదివేల మందిలో ఒకరికి వస్తుంది, తెల్లవాళ్లలో ఎక్కువ. సికిల్ సెల్ ఇంగ్లండ్‌లో సుమారు రెండువేల మందిలో ఒకరికి ఉంది. అయినా దేశమంతటా పసిపిల్లలకి ఆ పరీక్ష రావడానికి 2000 తర్వాతి దాకా ఆగవలసి వచ్చింది. ఎవరి పిల్లల గురించి ముందుగా తెలుసుకోవాలనుకుంటామన్నదే ఇక్కడ రాజకీయం.

ముందుగా తెలిస్తే ఏమవుతుంది? 1964లో ఫిలడెల్ఫియా ఆసుపత్రిలో మెరిలిన్ గాస్టన్ అనే నల్లజాతి యువ డాక్టరు దగ్గరకి చెయ్యి వాచిన పసిబిడ్డని తెచ్చారు. అది సికిల్ సెల్ కావచ్చని ఆమెకి తట్టలేదు. పై డాక్టరు చెబితే పరీక్ష చేసింది. ఆ తట్టకపోవడం ఆమెని జీవితమంతా వెంటాడినట్టుంది. 1986లో ఆమె నాయకత్వంలో వచ్చిన అధ్యయనం, పసితనం నుంచీ రోజూ పెన్సిలిన్ ఇస్తే ఈ పిల్లల్లో ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గుతాయని నిరూపించింది. పెన్సిలిన్ అప్పటికే పాత మందు, చవక మందు. కొత్తగా కావలసిందల్లా ఏ బిడ్డకి ఇవ్వాలో ముందుగా తెలియడమే.

ఇంతకంటే నన్ను కదిలించింది జమైకా కథ. కింగ్‌స్టన్‌లో గ్రాహమ్ సార్జెంట్ బృందం 1973 నుంచి 1981 దాకా ఒక ప్రసూతి ఆసుపత్రిలో వరసగా పుట్టిన లక్షమంది పిల్లల రక్తం పరీక్షించి, సికిల్ సెల్ ఉన్నవాళ్లని పెరిగే కొద్దీ గమనిస్తూ వచ్చింది. కొంతమంది పసిపిల్లలు గంటల్లో పోతున్నారు. ఒంట్లో రక్తమంతా ఒక్కసారిగా ప్లీహంలోకి చేరి అది ఉబ్బిపోతుంది, ఆసుపత్రికి తెచ్చేలోపే ప్రాణం పోతుంది. డాక్టర్లు తల్లులకి ఒక పని నేర్పారు. రోజూ బిడ్డని పడుకోబెట్టి ఎడమవైపు పక్కటెముకల కింద వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి, గట్టిగా పెరిగినట్టు తగిలితే వెంటనే పరిగెత్తుకు రండి అన్నారు. 1985లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ప్రమాదం వచ్చిన పిల్లల్లో మరణాలు దాదాపు పదోవంతుకి పడిపోయాయి. కొత్త మందు లేదు, యంత్రం లేదు. స్నానం చేయించి నూనె రాసే చేతులకే ఇంకొక్క సంగతి తెలిసింది. వైద్య పరిభాషలో దాన్ని తల్లిదండ్రులకి శిక్షణ అంటారు. నాకు మాత్రం ఎక్వెఫీకి దొరకని జవాబు ఆ తల్లుల చేతికి దొరికిందనిపించింది.

సమాచారం ఒకవైపే నడవదని కూడా ఈ చరిత్ర చెబుతుంది. సికిల్ సెల్ నొప్పితో ఆసుపత్రికి వచ్చినవాళ్లు తమకి ఏం కావాలో చెబుతున్నా నమ్మకపోవడం, మందుకి అలవాటుపడ్డవాళ్లని అనుమానించడం మామూలు. 2021లో బ్రిటన్‌లో పార్లమెంటు సభ్యుల బృందం, రోగుల సంఘం కలిసి వెలువరించిన నివేదికకి పెట్టిన పేరే ‘ఎవరూ వినడం లేదు’ అని. నొప్పి గురించి ఆ ఒంటికి తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు. ఆ మాట ఆడవాళ్లం మనం చాలాకాలంగా ఆసుపత్రుల్లో అంటూనే ఉన్నాం.

చెప్పాలన్న డాక్టరుని చెప్పనివ్వని సందర్భమూ ఉంది. కెనడాలోని టొరంటోలో నాన్సీ ఒలివియెరి అనే డాక్టరు తలసేమియా పిల్లల ఒంట్లో ఇనుమును తగ్గించే డెఫెరిప్రోన్ అనే మాత్ర మీద పరిశోధన చేస్తోంది. అప్పటిదాకా ఉన్న మందుని వారంలో చాలా రాత్రులు చర్మం కింద సూది పెట్టి గంటలకొద్దీ పంపుతో ఎక్కించుకోవాలి. మాత్ర వస్తే ఆ పిల్లలకి విముక్తే. ఆమె కూడా అదే ఆశతో మొదలుపెట్టింది. 1996 నాటికి కొందరిలో మాత్ర సరిగ్గా పనిచేయడం లేదని ఆమెకి అనుమానం వచ్చింది. ఆ సంగతి రోగులకి చెప్పాలంది. పరిశోధనకి డబ్బు పెట్టిన అపోటెక్స్ కంపెనీ ఆమె నిర్ధారణని ఒప్పుకోలేదు. ప్రయోగాలు ఆపేసి, బయటకి చెబితే చట్టపరమైన చర్య తప్పదని హెచ్చరించింది. ఆమె చెప్పింది. 1998లో ప్రచురించింది కూడా. తర్వాత ఏళ్లతరబడి పదవి, పరువు, కోర్టులు అంటూ తిరగవలసి వచ్చింది. కెనడా అధ్యాపకుల సంఘం నియమించిన స్వతంత్ర విచారణ 2001లో ఆమె పక్షాన నిలిచింది. మందు గురించి ఆమె అంచనాతో విభేదించిన డాక్టర్లు ఉన్నారు. ఆ మాత్రకి తర్వాత ఐరోపాలో, 2011లో అమెరికాలో అనుమతులు కూడా వచ్చాయి. శాస్త్రం మీద వాదన వేరు. ఆ వాదన నడుస్తోందన్న సంగతి, మాత్ర మింగుతున్న పిల్లల తల్లులకి తెలియాలా అక్కర్లేదా అన్నది వేరు. ఒలివియెరి నిలబడింది ఈ రెండో దానికోసం.

మన దగ్గరకి వద్దాం. 1952లో లేమాన్, కట్‌బుష్ అనే శాస్త్రవేత్తలు నీలగిరి ఆదివాసుల రక్తంలో సికిల్ సెల్ ట్రెయిట్ ఉందని అచ్చువేశారు. తర్వాత దేశంలో ఎన్నో ఆదివాసీ సమూహాల రక్తం పరిశోధనశాలలకి వెళ్లింది. మన ఆదిలాబాద్, పాడేరు కొండల్లోనూ ఆ జబ్బు ఉంది. వెళ్లిన నెత్తురు పరిశోధన పత్రాలైంది. ఫలితం తిరిగి ఆ గూడేలకి, వాళ్ల భాషలో, ఎంత వచ్చిందన్నది మనం అడగవలసిన ప్రశ్న. తలసేమియా విషయంలో ఆ ఖాళీని మొదట పూడ్చింది తల్లిదండ్రులే. హైదరాబాద్‌లో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998లో మొదలైంది. రక్తం ఎక్కించే మంచాల పక్కన ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పుకునే మాటలకి అక్కడొక చోటు దొరికింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ జబ్బులని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. ఒక హక్కు ఉందని తెలియకపోతే ఆ హక్కు లేనట్టే కాబట్టి ఇది కూడా చెప్పవలసిన సమాచారమే.

2023 జూలై 1న కేంద్రప్రభుత్వం మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047కల్లా జబ్బుని నిర్మూలించడం దాని లక్ష్యాలు. పరీక్ష చేయించుకున్నవాళ్లకి వాళ్ల జన్యుస్థితి తెలిపే కార్డు ఇస్తారు. పెళ్లికి ముందు జాతకాల్లా ఈ కార్డులు చూసుకోవాలన్న పోలిక కూడా వినపడింది. పరీక్ష అవసరమే, నాకు సందేహం లేదు. ఆ పోలికే నన్ను భయపెడుతుంది. జాతకంలో దోషం ఉందంటే సంబంధాలు తప్పిపోయేది ఎవరికో మనకి తెలుసు. మగవాడి కార్డునీ ఆడపిల్ల కార్డునీ ఒకే కంటితో చూసే సమాజం మనకి ఇంకా రాలేదు. ఆ కార్డు చేతిలో పెట్టాక గుమ్మంలో కూర్చుని ‘ఇది జబ్బు కాదమ్మా, ఇద్దరికీ ఉంటేనే ఆలోచించాలి’ అని చెప్పవలసింది చాలాచోట్ల ఆశా కార్యకర్తే. ఎన్ని పరీక్షలయ్యాయో లెక్క రాస్తారు. ఆమె కూర్చుని చెప్పిన గంటల్ని ఏ రిజిస్టర్లో రాస్తారు? అనియోన్వు ఉద్యోగం ఆ గంటలే. మన దగ్గర దాన్ని ఓపిక అంటాం, పని అనం.

మా పిన్ని కూతురి భర్త పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. అంటే బిడ్డకి ఏ ప్రమాదమూ లేదు. పాప పుట్టింది, బాగుంది. కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఆ ఇంట్లో ‘మా అబ్బాయి నెత్తురు శుభ్రం’ అనే మాట ఒకటి మిగిలింది. పాపకి జలుబు చేసినా ‘తల్లి నెత్తురు కదా’ అంటున్నారు. ఇక పిన్ని ఆ కాగితాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచేసింది. చిన్నమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు మరి. అక్కాచెల్లెళ్లు కాబట్టి దానికీ ట్రెయిట్ ఉండే అవకాశం సగానికి సగం. పరీక్ష చేయించమంటే పిన్ని “నీకు దణ్ణం పెడతాను, ఆ మాట ఎత్తకు” అంది. పిన్నిని నేను తప్పుపట్టలేకపోయాను. కూతురి మీద పడ్డ నింద ఆవిడ కళ్లారా చూసింది.

నేను చెయ్యగలిగింది రాయడం. ఒక పేజీలో ఇదంతా తెలుగులో రాసి, ఇద్దరు మనుషులు, నలుగురు పిల్లలు ఉన్న బొమ్మ వేసి, తెలిసిన డాక్టరుకి చూపించి తప్పులు దిద్దించుకుని ఇచ్చాను. మా పిన్ని కూతురు చదివి ఒకచోట పెన్నుతో కొట్టేసింది. ట్రెయిట్ ఉన్నవాళ్లని నేను ‘వాహకురాలు’ అని రాశాను. తన గురించే ఆలోచిస్తూ రాయడంవల్ల స్త్రీలింగం పడిందేమో. “ఈ మాట చూస్తే నేనేదో మోసుకొచ్చి వీళ్లింట్లో దించినట్టుందక్కా” అంది. కొట్టేసినచోట ‘ఒక సగం ఉన్నవాళ్లు’ అని రాసింది. భాష మీద పరిశోధన చేసినదాన్ని, ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల మీద మాటలు చేసే హింస గురించి వ్యాసాలు చదువుతున్నదాన్ని. ఆ మాటలో ఉన్న నింద నాకు కనపడలేదు, పడ్డ మనిషికి కనపడింది.

ఆ పేజీని తను దాచుకోలేదు. జిరాక్సు తీయించి ఊళ్లో ఆశా కార్యకర్తకి ఇచ్చింది. ఒకటి చెల్లెలికి ఇచ్చింది. పోయిన నెలలో ఆ చిన్నపిల్ల ఎవరికీ చెప్పకుండా నాకు ఫోన్ చేసింది. పరీక్ష చేయించుకుందట. ఏం వచ్చిందో తను చెప్పలేదు, నేను అడగలేదు. అది ఎవరికి చెప్పాలో తేల్చుకోవలసింది తనే. “రేపు వచ్చే అబ్బాయితో నేనే మాట్లాడతానక్కా. నా కాగితం ఇదీ, మీదీ తీసుకురండి, ఇద్దరం కలిసే చూసుకుందాం అంటాను. తప్పా?” అని మాత్రం అడిగింది.

తప్పు కాదన్నాను.